చేతికొకటి, తొడకొకటి

పొద్దున లేచాక మా ఆయన ఎన్నిసార్లు దగ్గుతాడో లెక్కపెట్టడం నా మొదటి పని. మొహం కడుక్కోవడం, పొయ్యి వెలిగించడం అన్నీ ఆ తరవాతే. మూడు దగ్గులైతే మామూలు రోజు. నాలుగైతే వేడినీళ్ళు ఇంకో గిన్నెడు ఎక్కువ పెడతాను. ఐదు దాటిందంటే ఆ రోజు నా జోలికి ఎవరూ రాకపోవడం మంచిది.

"సరిపోయిందా లెక్క?" అని లోపలి గదిలోంచి అడుగుతాడు ఆ మహానుభావుడు. వేళాకోళం! రాళ్ళు పాలిష్ పట్టే చోట ముప్పై ఏళ్ళు పనిచేసి, అక్కడి దుమ్మంతా ఊపిరితిత్తుల్లో మూటగట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వేళాకోళానికి మాత్రం ఆయాసం అడ్డురాదు.

మా ముందుగదిలో నేను పిల్లల్ని చూసుకుంటాను. చుట్టుపక్కల వీధుల్లో పనులకి పోయే తల్లులు పొద్దున్నే తెచ్చి అప్పజెప్పి సాయంత్రం తీసుకుపోతారు. ఎనిమిది మంది బయటి పిల్లలు, తొమ్మిదోది నా మనవరాలు. దాన్ని మేం పిడుగు అంటాం, ఏడాదిన్నరది, ఆ పేరు ఎందుకొచ్చిందో ఒక్క గంట దానితో ఉంటే ఎవరికైనా తెలుస్తుంది. నా కూతురు ఉత్తరాలు వేరుచేసే ఆఫీసులో పనిచేస్తుంది. పొద్దున దాన్ని నా చంకలో పడేసి పరిగెడుతుంది.

మధ్యాహ్నం అందర్నీ పడుకోబెట్టేముందు మా ఆయన కథ చెబుతాడు. ఊపిరి చాలదు కాబట్టి గుసగుసగా చెబుతాడు. ఆ గుసగుస వినాలంటే దగ్గరికి రావాలి. అందుకని తొమ్మిది మందీ ఆయన మీద పడి, ఒళ్ళో ఇద్దరు, భుజాల మీద ఇద్దరు, మొహంలో మొహం పెట్టి వింటారు. అందరికంటే దగ్గర పిడుగే. తాత ముక్కుకి తన ముక్కు ఆనించి, కథ నోట్లోంచి ఎలా వస్తుందో చూస్తుంది.

ఇంత సంబరంలోనూ నా గుండె దడదడలాడుతూనే ఉంటుంది. ఎందుకంటే ఆయనకి ఇప్పటికి రెండుసార్లు న్యుమోనియా వచ్చింది. మొదటిసారి వారం ఆస్పత్రిలో ఉన్నాడు. రెండోసారి మూడు వారాలు. మూడోసారి వస్తే ఈ ఊపిరితిత్తులు తట్టుకుంటాయని మాట ఇవ్వలేనని డాక్టర్ చెప్పేశాడు.

ఆ రెండోసారి ఇంటికొచ్చాక, వెనక వీధి ఆరోగ్యకేంద్రంలో టీకాలు వేసే నర్సమ్మ నన్ను కూర్చోబెట్టి విడమర్చి చెప్పింది.

"పెద్దమ్మా, న్యుమోనియా తెచ్చే క్రిముల్లో ముఖ్యమైనదొకటి చిన్నపిల్లల ముక్కులో, గొంతులో కాపురం ఉంటుంది. పిల్లకి జలుబు కూడా ఉండకపోవచ్చు. హాయిగా ఆడుకుంటూనే ఉంటుంది. దాని దగ్గర్నించి పెద్దవాళ్ళకి అంటుకుంటుంది. పిల్లలకి టీకా పడితే ఆ కాపురాలు చాలావరకు ఖాళీ అవుతాయి. పిల్లలకి వేసే సూది తాతల్ని కూడా కాస్తుంది."

"ఆయనకే వేసెయ్యొచ్చు కదమ్మా ఆ సూదేదో?"

"పెద్దవాళ్ళ టీకా వేశాం కదా. కానీ కీళ్ళవాతానికి రోజూ మింగే మాత్రలు రోగాన్ని ఎదిరించే శక్తిని తగ్గిస్తాయి, అందుకని అది ఆయన ఒంటికి పూర్తిగా పట్టదు. చుట్టూ ఉన్న పిల్లలకి పట్టిందనుకోండి, ఆయనకి కంచె కట్టినట్టే."

ఆరు వారాలకొకటి, పధ్నాలుగు వారాలకొకటి, తొమ్మిది నెలలకి మూడోది. ఆ మాట పట్టుకుని వచ్చి మా గుమ్మం పక్కన తాడు కట్టాను. బట్టలకి పెట్టే క్లిప్పులతో ప్రతి పిల్లదీ, ప్రతి పిల్లాడిదీ టీకాల కార్డు ఆ తాడుకి వేలాడాలి. గడి ఖాళీగా ఉంటే గడప దాటడానికి వీల్లేదు. ఎంత ఏడ్చినా, ఎంత బతిమాలినా వీల్లేదు. మా ఆయన నాకు గడప పోలీసు అని పేరు పెట్టాడు. పెట్టుకోనీ. పోలీసుంటే దొంగ రాడు.

నేను కండక్టరమ్మని గుమ్మంలోంచే పంపేసింది ఒక బుధవారం పొద్దున.

ఆ అమ్మాయి సిటీ బస్సులో టికెట్లు కొడుతుంది. భుజాన తోలుసంచీ, చంకలో కొడుకు. వాణ్ణి అందరం బొండాం అంటాం, వాడి బుగ్గలు అలాంటివి. వాడికి పదినెలలు దాటింది, తొమ్మిదో నెల గడి ఖాళీగా ఉంది. నేను రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. మూడోసారి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"వేయించాను పెద్దమ్మా," అంది. "పోయిన నెల మా అమ్మావాళ్ళింటికి వెళ్ళినప్పుడు అక్కడే వేయించాను. కార్డు మీ తాడుకే ఉండిపోయింది కదా, వాళ్ళు చీటీ మీద రాసిచ్చారు. సంచీలో పెట్టాను, ఎక్కడో పడిపోయింది."

"రోజుకి వందల టికెట్లు చింపే దానివి, ఒక్క చీటీ దాచుకోలేకపోయావా?"

"పిల్లాడి మీద ఒట్టు పెద్దమ్మా. బస్సు టైమైపోతోంది. సాయంత్రం ఎలాగోలా..."

"ఒట్లు నా గడప దగ్గర చెల్లవమ్మాయ్. టికెట్ కొన్నాను, ఎక్కడో పడిపోయిందని ఎవరైనా అంటే నువ్వు ఊరుకుంటావా? దింపెయ్యవూ?"

వెనక నిలబడ్డ తల్లులు నలుగురూ ఫక్కున నవ్వారు. నాకు ఒళ్ళు పొంగింది, ఎందుకు అబద్ధం చెప్పాలి? అంత బాగా మాట వచ్చినందుకు లోపల్లోపల మురిసిపోయాను. ఆ అమ్మాయి మొహం కందిపోయింది. తాడు మీంచి కొడుకు కార్డు లాక్కుని, వాణ్ణి భుజానేసుకుని వెళ్ళిపోయింది. వాడు మాత్రం భుజం మీంచి నాకు చేయి ఊపుతూ పోయాడు.

"దాని పని గోవిందా," అన్నాడు మా ఆయన నేను లోపలికి రాగానే. "పొద్దున బస్సు పోతే దానికి ఆ డ్యూటీ ఇవ్వరు."

"నేనేం చేయను? రూలంటే రూలే. ఇదంతా నీ ఊపిరి కోసమే కదా!"

"నా ఊపిరి కోసం ఇంకోళ్ళ నోట్లో మట్టి కొట్టమన్నానా?"

ఆ మాటకి నాకు చిర్రెత్తుకొచ్చింది. చేసేది నీ కోసం, తిట్లు తినేది నేను అని పెద్ద దండకం చదివాను. ఆయన పిడుగుని ఒళ్ళో పెట్టుకుని దాని అరచేతిలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. నేను అరిచిన అరుపులకి అది కిలకిలా నవ్వింది.

పన్నెండు రోజులు గడిచాయి. పదమూడో రోజు పొద్దున ఏడు దగ్గులు లెక్కపెట్టాను.

ఏడోదాని తరవాత కూడా ఆగలేదు. వెళ్ళి చూస్తే దుప్పటి కింద వణుకుతున్నాడు. ఒళ్ళు పెనంలా ఉంది. పక్కన పెట్టుకున్న గుడ్డ మీద తుప్పురంగు కఫం. ఆ రంగు నాకు తెలుసు. రెండుసార్లు చూశాను.

"ఏమే," అన్నాడు. "లెక్క తప్పింది."

"నోరు మూసుకో," అన్నాను. ఏడుపొస్తే నాకు తిట్లే వస్తాయి.

పిల్లల్ని తెచ్చిన తల్లుల్ని తెచ్చినట్టే వెనక్కి పంపేసి, కూతురికి ఫోన్ చేసి, ఆయన్ని ఆస్పత్రికి తీసుకుపోయాను. వేలికి తగిలించిన క్లిప్పులో ఆక్సిజన్ అంకె, తొంభై ఐదు పైన ఉండాల్సింది, ఎనభై నాలుగు దగ్గర కొట్టుకుంటోంది. మొహానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. నేను మంచం పక్కన నిలబడి ఆ అంకెనే చూస్తున్నాను. ఎనభై ఐదు. ఎనభై నాలుగు. ఎనభై ఆరు. అది ఒకటి పెరిగితే నాకూ కాస్త ఊపిరి ఆడుతోంది, ఒకటి తగ్గితే ఆగిపోతోంది.

కళ్ళద్దాల డాక్టరమ్మ ఒకావిడ వచ్చి గుండెకీ వీపుకీ గొట్టం ఆనించి విని, కాగితం మీద ఏదో రాసుకుంది.

"ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా?"

"ఎనిమిది మంది," అన్నాను. బొండాం ఇప్పుడు రావడం లేదు కదా.

ఆవిడ కలం ఆపింది. "వాళ్ళకి న్యుమోనియా టీకాలు అయ్యాయా?"

అదిగో, ఆ ప్రశ్న కోసమే నేను రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాను. అంత గాబరాలోనూ నా మెడ నిక్కింది. "నా గడప దాటే ప్రతి పిల్లకీ మూడూ అయ్యాయమ్మా. గడి ఖాళీ ఉంటే రానివ్వను. పన్నెండు రోజుల కింద ఒకత్తెని గుమ్మంలోంచే పంపేశాను."

మంచం మీద చెయ్యి కదిలింది. మా ఆయన మాస్కు కాస్త పైకెత్తాడు. డాక్టరమ్మ వద్దంటున్నా ఎత్తాడు.

"పిడుగుకి," అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. తన చేతి మీద తట్టి చూపించాడు. "చేతికి పడింది." తొడ మీద తట్టాడు. "తొడకి... పడలేదు."

మాస్కు మళ్ళీ పెట్టేశారు.

ఆ రోజు మొత్తం కళ్ళముందుకొచ్చింది. పిడుగుకి తొమ్మిది నెలలు నిండాక ఆరోగ్యకేంద్రానికి నేనూ ఆయనా కలిసే తీసుకెళ్ళాం. ఈరోజు రెండు సూదులు, చేతికొకటి, తొడకొకటి అని చెప్పింది నర్సమ్మ. ముందు చేతికి తట్టు టీకా వేసింది, తొడకి వేయాల్సింది న్యుమోనియాది. పిల్ల ఒక్క కేక పెట్టి, ఆ కేకలోనే ఊపిరి బిగబట్టేసింది. పెదాలు నల్లబడ్డాయి. గట్టిగా నాలుగు లెక్కపెట్టేలోపు మళ్ళీ ఊపిరి తీసుకుంది కానీ, మా ఆయన ఆ నాలుగు అంకెల్లో చచ్చి బతికాడు. ఊపిరి అందకపోవడం అంటే ఏమిటో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

"చాలే. రెండోది వచ్చేవారం," అన్నాడు.

ఊళ్ళోవాళ్ళ పిల్లలు ఏడిస్తే, సూదికి ఎవరూ చావరమ్మా, గట్టిగా పట్టుకో అని కసిరే నేను, పిల్లని ఎత్తుకుని బయటికి నడిచాను. "పెద్దమ్మా, ఇంకోటుంది!" అని నర్సమ్మ వెనకనించి పిలుస్తూనే ఉంది. వచ్చేవారం అని చెయ్యి ఊపాను. వచ్చేవారం వాన. ఆపై వారం ఎవరో పిల్లాడికి జ్వరం. ఆపైన మర్చిపోయాను. మర్చిపోయానని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతేమిటంటే, ఆ ఏడుపు మళ్ళీ వినలేక మర్చిపోయాను.

దాని కార్డు తాడు మీద లేదు. ఎప్పుడూ లేదు. అలమారలో బట్టల కింద ఉంది. ఇంటి పిల్లకి కార్డేమిటి, ఎవరు అడుగుతారు అనుకున్నాను. అడగాల్సిన మనిషిని నేనేగా. కాకి పిల్ల కాకికి ముద్దు, ఆ ముద్దులో తొమ్మిది నెలలు గడిచిపోయాయి.

డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని అడిగాను. "దానివల్లేనా అమ్మా? నా మనవరాలి నించేనా?"

"చెప్పలేం," అంది. "ఈ క్రిమిలో చాలా రకాలున్నాయి. టీకాలో లేని రకమైనా కావచ్చు. అసలు వేరే క్రిమే కావచ్చు. ఇంట్లోంచో బస్సులోంచో వైద్యం కోసం వెళ్ళిన చోటునించో. ఎక్కడిదో మీకు ఎప్పటికీ తెలియకపోవచ్చు."

తిట్టి ఉంటే బాగుండేది. ఔను నీవల్లే అని ఉంటే గోడకేసి తల బాదుకునేదాన్ని, కాదు అని ఉంటే దణ్ణం పెట్టేదాన్ని. ఎప్పటికీ తెలియదట! ఆ మాటతో మనిషి ఎలా బతకాలో మాత్రం ఆవిడ చెప్పలేదు.

సాయంత్రం నా కూతురు పిడుగుని పక్కింట్లో దింపి ఆస్పత్రికి వచ్చింది. ఇలాంటివి దాచిపెడితే ఇంకా కుళ్ళుతాయి. వరండాలోనే చెప్పేశాను. అది గోడకి ఆనుకుని విన్నది.

"రెండూ అయిపోయాయా అని ఆ రోజు అడిగాను కదమ్మా," అంది. "అయిపోయింది అన్నావు."

"ఒకటి అయిపోయింది కదా, ఆ లెక్కన..."

నా కూతురికి నా నోరే వచ్చింది. అరిస్తే నాకు భయం లేదు. అరవకుండా నాన్న మంచం దగ్గరికెళ్ళి కూర్చుంది. అదే భయమేసింది నాకు.

మర్నాడు పొద్దున అంకె ఎనభై ఎనిమిది. ఈ రెండ్రోజులూ గడవాలి అన్నారు. కూతురిని ఆయన దగ్గర ఉంచి, నేను పిడుగుని ఎత్తుకుని ఆరోగ్యకేంద్రానికి పోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. తెలుసు. అయినా పట్టుకున్నాను.

నర్సమ్మ కార్డు చూసి, బల్ల మీది జాబితా పుస్తకం తెరిచింది.

"బాకీ ఉన్నవాళ్ళ జాబితాలో మీ పిల్ల పేరు రెండుసార్లు వచ్చింది పెద్దమ్మా," అంది. "మీ ఇల్లు చూసి వదిలేశాను. ఊరందరి కార్డులూ అడిగే మనిషి, తన పిల్లకి వేయించకుండా ఉంటుందా, ఎక్కడో వేయించి ఉంటుందిలే అనుకున్నాను. తప్పు నాదీ ఉంది."

నా పేరే నా మనవరాలికి అడ్డం పడిందన్నమాట. ఎవరితో చెప్పుకోను?

ఏడాది దాటింది కాబట్టి ఇప్పుడు ఈ ఒక్కటీ చాలంది. పిల్లని ఒళ్ళో వేసుకుని రెండు కాళ్ళూ గట్టిగా పట్టుకున్నాను. సూది దిగింది. కేక పెట్టింది. ఊపిరి బిగబట్టింది. ఒకటి, రెండు, మూడు అని నేను లెక్కపెడుతున్నాను. మూడున్నరకి గుక్క తిప్పుకుని నా జుట్టు పీకింది. ఇంతేనా! ఈ మూడున్నర అంకెల కోసమేనా తొమ్మిది నెలలు పారిపోయాను?

"దీని బలం పట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది," అంది నర్సమ్మ తేదీ రాస్తూ. "తాతగారు ఇంటికొచ్చినా అప్పటిదాకా మొహంలో మొహం పెట్టనివ్వకండి. పెద్దవాళ్ళెవరి దగ్గరైనా కాస్త జాగ్రత్త." కలం మూత పెట్టి, ఆపైన అంది. "ఆ కండక్టరమ్మాయి కొడుక్కి టీకా పడింది, తెలుసా? మీరు పంపేసిన రోజే నా దగ్గరికొచ్చి ఏడ్చింది. నేను వాళ్ళమ్మగారి ఊరికి ఫోన్ చేసి కనుక్కుని కార్డులో రాసిచ్చాను."

"మరి మళ్ళీ తీసుకురాలేదే?"

"ఎలా తెస్తుంది పెద్దమ్మా? నలుగురిలో అంత మాట అన్నాక?"

గురివింద గింజకి తన కింద నలుపు కనపడదంటారు. నేను ఆ నలుపుతో ఊరందరికీ బొట్లు పెట్టాను.

ఆస్పత్రికి వెళ్ళాల్సిన దాన్ని కండక్టరమ్మ ఇంటివైపు మళ్ళాను. రెండో అంతస్తు. పిడుగుని ఎత్తుకుని ఎక్కేసరికి నాకే ఆయాసం వచ్చింది. తలుపు తీసింది ఆ అమ్మాయి. యూనిఫాం చొక్కా మీద బొండాం తలవాల్చి పడుకున్నాడు. నన్ను చూసి తలుపు సగమే తెరిచి ఉంచింది. నేను పిడుగు కార్డు చాపాను.

టికెట్ మీద తేదీ చూసినట్టు ఒక్క చూపు చూసింది. అది ఆవిడ వృత్తి.

"ఇది ఈరోజు తేదీ," అంది.

"ఈరోజుదే."

"నన్ను దింపేసి రెండు వారాలైంది."

"అయింది."

"అంటే ఆ రోజు ఈ పిల్లకి లేదు. వీడికి ఉంది."

"నిజమే," అన్నాను. "నీ కొడుకు టికెట్ కొనే ఎక్కాడమ్మాయ్. టికెట్ లేనిది నా మనవరాలికే."

ఆ అమ్మాయి కళ్ళు ఎర్రబడ్డాయి. "పొద్దున బస్సు పోయింది పెద్దమ్మా. ఇప్పుడు చివరి డ్యూటీ వేస్తున్నారు. నేనొచ్చేసరికి వీడు నిద్రపోతున్నాడు. రెండు వారాలుగా ఒక్క రాత్రి కూడా వీణ్ణి నేను నిద్రపుచ్చలేదు. ఆ రోజు అందరూ నవ్వారు. మీరూ నవ్వారు."

"నవ్వాను," అన్నాను. "తప్పు చేశాను. నలుగురిలో అన్నాను కాబట్టి ఆ నలుగురిలోనే చెబుతాను. మా ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు. ఆక్సిజన్ ఎనభై ఎనిమిది దగ్గరే ఉంది."

ఆవిడ కోపం మొహం మీదే నిలిచిపోయింది, పూర్తిగా పోలేదు, ఇంకేదో వచ్చి దాని పక్కన నిలబడింది. అంతలో లోపలి నించి ముసలి గొంతు. "ఎవరే వచ్చింది? గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతావేం, లోపలికి రమ్మను!" కండక్టరమ్మ అత్తగారు గోడ పట్టుకుని వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. పిడుగుని చూడగానే రెండు చేతులూ చాపింది. "రా తల్లీ, నా దగ్గరికి రా." నా మనవరాలు మొహమాటమెరగదు. ఆ చేతుల్లోకి దూకబోయింది.

నేను ఒక్క అడుగు వెనక్కి వేశాను.

"వద్దమ్మా. మూడు వారాలు ఆగండి."

"ఇంత చంటిది నన్నేం చేస్తుందమ్మా?" అని నవ్విందావిడ.

"మా ఆయనా అలాగే అన్నాడు," అన్నాను.

కండక్టరమ్మ నా కాళ్ళవైపు చూసింది. గడపకి ఇవతల ఉన్నాయి. లోపలికి రమ్మని ఆ అమ్మాయీ అనలేదు, నేనూ అడగలేదు. పిడుగు అవ్వ కోసం గింజుకుంటుంటే దాన్ని బిగించి పట్టుకుని మెట్లు దిగాను.

రెండ్రోజులు గడిచాయి. ఎలా గడిచాయో నన్ను అడగకండి. మూడో రోజుకి అంకె తొంభై ఒకటి దాటింది, ఆరో రోజుకి మాస్కు తీశారు, తొమ్మిదో రోజు ఇంటికి పంపారు. మనిషి సగమయ్యాడు. ఇంకోటి తట్టుకోలేడు, గుర్తుంచుకోండి అన్నారు. చెప్పాలా?

ఆయన్ని లోపలి గదిలో పడుకోబెట్టి తలుపు మూశాను. నా కూతురు సెలవు పెట్టి పిడుగుని తన ఇంట్లోనే ఉంచుకుంది. నాతో అవసరమైనంతవరకే మాట్లాడుతోంది. అది ఎన్నాళ్ళో తెలియదు. అడిగే మొహం నాకు లేదు.

సోమవారం పిల్లలు మళ్ళీ రావడం మొదలుపెట్టారు. నలుగురు తల్లులూ ఉన్నప్పుడే గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పాను. చేతికి పడింది, తొడకి పడలేదు, కార్డు బట్టల కింద దాచాను, పంపేసిన పిల్లాడికి అన్నీ ఉన్నాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. పిడుగు కార్డు అందరికంటే ముందు, గుమ్మానికి దగ్గరగా తగిలించాను.

నేను చెబుతుండగానే కండక్టరమ్మ వచ్చింది. భుజాన సంచీ లేదు, చంకలో బొండాం మాత్రమే. చివరివరకూ విన్నది. తరవాత తాడు దగ్గరికి వెళ్ళి, కొడుకు కార్డు తానే తగిలించి, క్లిప్పు నొక్కి సరిచూసుకుంది.

"పొద్దున బస్సు మళ్ళీ అడిగాను," అంది నాతో. "రేపట్నించి ఇస్తామన్నారు. తెమ్మంటారా వీణ్ణి?"

చేతులు చాపాను. వాడు బరువుగా వచ్చి నా భుజం మీద పడ్డాడు.

మూసిన తలుపు అవతలినించి మా ఆయన పిలిచాడు. పిలుపు కాదది, గుసగుస. "ఏమే గడప పోలీసూ. పిడుగేదీ?"

"గడప బయట," అన్నాను. "ఇంకో వారం."

"సొంత పిల్లనే పట్టుకున్నావా చివరికి?" నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది.

ఒకటి. ముందుగదిలో నేను లెక్కపెడుతున్నాను. రెండు. మూడు.

కండక్టరమ్మ ఒక కాలు గడప అవతల, ఒక కాలు ఇవతల పెట్టి ఆగిపోయింది. పెదాలు కదుపుతోంది. తనూ లెక్కపెడుతోంది. నాలుగోది వస్తుందా రాదా అని ఇద్దరం ఆ తలుపువైపే చూస్తూ నిలబడ్డాం.